సీటు కింద డోలు

మా బాపు రాజేశానికి చెవులు పోయాయన్న సంగతి మా వీధిలో అందరికీ తెలుసు. ఒప్పుకోనిది ఆయనొక్కడే. గోదావరిఖని బొగ్గుబాయిలో ముప్పయ్యారేళ్లు పనిచేసి, రిటైరయ్యాక మా అమ్మతో, అదే అవ్వతో కలిసి కరీంనగర్‌లో కూతురినైన నా దగ్గరికి వచ్చాడు. చెవి మిషన్ కొనిపెడితే డబ్బా కూడా విప్పలేదు. "నాకేమైంది? మీరే నోట్లె నోట్లె గొణుగుతుండ్రు" అని నా మీదికే లేచాడు. కాలేజీలో ఎనభై మంది పిల్లలకు మైకు లేకుండా పాఠం చెప్పే గొంతు నాది. గొణుగుడట.

"చెవిటోని ముందు శంఖమూదినట్టే, ఇడిచిపెట్టు జ్యోతీ" అంది అవ్వ. నేను విడిచిపెట్టే రకం కాదు. ఒగ్గుకథ చెబితే తెల్లారేదాకా కూర్చుని, మర్నాడు ఆ కథంతా మాకు అప్పజెప్పిన మనిషి, ఈమధ్య అన్నం పెట్టమని కూడా సైగే చేస్తున్నాడు. ఇంకో ఏడాది ఇలాగే గడిస్తే పూర్తిగా మాట మానేస్తాడని నాకు భయం పట్టుకుంది. రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు.

బాపుకు నా కారులో ముందు సీటంటే ఇష్టం. అక్కడ మంచి స్టీరియో పెట్టిస్తే ఎంతోకొంత వినిపిస్తుందనుకున్నాను. కాకపోతే అది కంటికి కనబడకూడదు. తన చెవుల కోసం పెట్టించానని తెలిస్తే మళ్లీ కారెక్కడు.

బస్టాండు వెనక కార్లకు స్టీరియోలు బిగించే ఓంప్రకాశ్ అంతా విన్నాడు. "చెవికి అందకున్నా దరువు నడుముకు అందుతది అక్కా. సీటు కింద బాస్ బాక్స్ పెడుత" అన్నాడు. ఒక్క రోజన్నాడు, మూడు రోజులు తీసుకున్నాడు. తలుపుల లోపలి అట్టలు విప్పి, స్పీకర్లు వాటి వెనక బిగించి, పాత రంగు గుడ్డే వెతికి తెచ్చి కప్పాడు. వైర్లు మ్యాటు కింద పోయాయి. మూడో రోజు నేను గొడవకు దిగితే తొణకలేదు. "కనపడేటట్టయితే గంటల పెడుత. దాచుడంటే రెండింతల పని. పెద్దమనిషికి ఒక మాట చెప్పిండ్రా అక్కా?"

"నీ పని నువ్వు చూసుకో" అన్నాను.

ఆదివారం పొద్దున బాపు, నేను పెద్దపల్లి రోడ్డు పట్టాం. ఫోన్లో ఒగ్గుకథ పెట్టాను. కథకుడి గొంతు వచ్చినంతసేపు బాపు కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నాడు. సౌండు ఇంకా పెంచాను. అప్పుడు డోళ్లు మొదలయ్యాయి.

బాపు రెండు చేతులూ సీటును గట్టిగా పట్టుకున్నాయి. మొహంలో నెత్తురు లేదు. తలెత్తి కారు పైకప్పు వైపు చూశాడు. "దిగు బిడ్డా, కప్పు దిగుతంది" అని నా రెక్క పట్టి గుంజాడు. నేను బ్రేకు తొక్కి ఎలాగో రోడ్డు పక్కకు ఆపాను. ఆయన చుట్టూ తిరిగి వచ్చి, నన్ను బయటికి లాగి, ఇరవై అడుగులు పొలం గట్టు మీద ఈడ్చుకుపోయి, నాకూ కారుకూ మధ్య నిలబడ్డాడు. డెబ్బై ఏళ్ల మనిషికి అంత బలం ఎక్కడిదో. కారులో డోళ్లు మోగుతూనే ఉన్నాయి. ఆ చప్పుడు నాకే వినిపిస్తోంది.

బాయిలో కప్పు కూలే ముందు అదురు కాళ్లకు తెలుస్తుంది. ఆ మాట వింటూ పెరిగిన బొగ్గుబాయి కార్మికుడి కూతుర్నై ఉండి, ఆయన సీటు కిందనే అదురు పెట్టించాను. నా బుద్ధి గడ్డి తింది.

బాపును మళ్లీ కారు దగ్గరికి తీసుకుపోయి, సీటు కింది డబ్బా చూపించి, చెవి దగ్గర నోరు పెట్టి, "నీ కోసమే పెట్టించిన బాపు" అని అరిచాను. ఆయన సీటు మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు ఉంచాడు.

"డోలా ఇది?"

తలూపాను.

"బాయిల మందు పేల్చేటోడు సుత ముందుగాల కేకేస్తడు. సొంత బిడ్డవు, ఒక్క మాట చెప్పకపోతివి."

నాకు తప్పు తెలుసు, అయినా కోపమే వచ్చింది. "ఎట్ల చెప్పాలె? మిషన్ అంటేనే మీదికొస్తివి. చెవులు ఇనపడయంటే అంత నామోషీనా నీకు?" అని ఆయన చెవిలోనే అరిచాను.

"నామోషీ కాదు." రోడ్డు పక్క రాయి మీద కూర్చున్నాడు. "ముత్తయ్య యాదికున్నడా?"

ఎందుకు లేడు? బాపు జతగాడు. కప్పు కూలి కాలు పోయింది. బాపు ఇంకా డ్యూటీలో ఉన్నప్పటి మాట అది.

"ఆ దినం కట్టెతోని కప్పు కొట్టి చూసింది నేనే. లోపల బండ ఇడిస్తే డొల్ల చప్పుడొస్తది. నాకు రాలే. బాగుంది, పో అన్న. ఆడు పోయిండు. అప్పటికే నాకు సగం ఇనపడకపోతుండె. చెప్తే బాయి మీది పనికి ఏస్తరు, జీతం తగ్గుతదని చెప్పలే. ఇప్పుడు మిషన్ పెట్టుకుంటే, ఎప్పటిసంది ఇనపడతలేదని ముత్తయ్య అడుగడా? ఏం చెప్పాలె?"

ఇన్నేళ్లూ మొండి మనిషని తిట్టుకున్నాను. ఏడుపొచ్చింది, ఆయన ముందే ఏడ్చాను.

బాపు లేచి లాల్చీ దులుపుకున్నాడు. "బండి తీయి. ముత్తయ్య మంథనిల కొడుకు దగ్గర ఉంటుండు. ఆనికి చెప్పాలె."

"ఇప్పుడే పోదామా?"

నా పెదాలు చూసి అర్థం చేసుకుని తలూపాడు. నేను డోళ్లు ఆపేశాను. కారు కదిలాక నా వైపు తిరిగాడు.

"ఆడు తిడుతడు. నాకు ఇనపడది. పక్కన కూసొని నువ్వు గట్టిగ చెప్పాలె. ఒక్క తిట్టు సుత మింగొద్దు."

"చెప్త" అన్నాను.

బాపు చెయ్యెత్తి చెవి వెనక పెట్టుకుని నా దగ్గరికి వంగాడు. ఆయన అలా చేయడం నేను ఎన్నడూ చూడలేదు.

"చెప్త బాపు" అని మళ్లీ గట్టిగా అన్నాను.