పని కాకముందే కృతజ్ఞత కూడిక

పొద్దున స్టాఫ్‌రూములో ఉండగా ఎయిర్‌పోర్టు పక్కనున్న మామిడిపల్లి నుంచి మా మేనత్త ఫోన్ చేసింది. “ఆదివారం మా ఇంట్ల కృతజ్ఞత కూడిక పెట్టిన బిడ్డా. నీ కోసమే. జర జల్ది రా,” అంది. నా రొమ్ములో గడ్డ ఉందని దవాఖానలో ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు వచ్చేది మంగళవారం. ఆదివారమే దేవుడికి కృతజ్ఞతలేమిటని నాకు ఒళ్లు మండింది. నేను లెక్కల టీచర్ని. లెక్క చేయకుండానే అడుగున జవాబు రాసేసే పిల్లలంటే నాకు పడదు. మా అత్తతో నా పేచీ కూడా మొదటి నుంచీ అదే.

చర్చికి వెళ్లేవాళ్ల ఇళ్లలో కృతజ్ఞత కూడిక అంటే ఏదో మేలు జరిగాక పెట్టుకునేది. రోగం నయమైతేనో, ఇల్లు కట్టుకుంటేనో పాస్టరు గారిని, సంఘాన్ని పిలిచి ప్రార్థన చేయిస్తారు. జరిగిన మేలు గురించి ఇంటివాళ్లు లేచి సాక్ష్యం చెబుతారు. తర్వాత బగారన్నం, కోడికూర. పెళ్లయిన కొన్నేళ్లకు అత్త ప్రభువును నమ్ముకుంది. బొట్టు తీసేసిందని మా నాన్న కొన్నాళ్లు చెల్లెలితో మాట్లాడలేదు గానీ, ఆ కోడికూర ముందు ఆయన పట్టుదల ఎక్కువ కాలం నిలవలేదు.

మామయ్య కాటేదాన్‌లో ఒక ఫ్యాక్టరీలో పని చేసేవాడు. మిషన్ల చప్పుడుకు అలవాటుపడి ఇంట్లో కూడా అరిచే మాట్లాడేవాడు. ఇంటి మీదుగా విమానం దిగుతుంటే మేమంతా మాట ఆపి కూర్చునేవాళ్లం, ఆయన మాత్రం ఆపేవాడు కాదు. అలాంటి మనిషికి కొన్నేళ్ల కింద పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఇక రాదని డాక్టరు చెప్పేశాడు. మామయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు. చెంచా నోటి దగ్గరికి తెస్తే పళ్లు బిగించేవాడు. ఇలాగే ఉంటే మనిషి దక్కడని మాకందరికీ తెలుస్తూనే ఉంది. సరిగ్గా అప్పుడు అత్త కూడిక పెడతానంది.

“దేనికత్తా కృతజ్ఞత? మామకు మాటన్నా రాలే. నలుగురిని పిలిచి నవ్వులపాలైతవా?” అని అరిచాను.

“ఏడ్సి చూసిన బిడ్డా. నేను ఏడుస్తుంటే ఆయన ఇంకింత గోడ దిక్కు జరుగుతుండు. ఇగ గిట్ల చేసి చూస్త,” అంది.

కుర్చీలు కిరాయికి తెప్పించడం, కోడికూరకు మసాలా నూరించడం నా నెత్తినే పడింది. పళ్లు నూరుకుంటూనే అన్నీ చేశాను. కూడికలో సాక్ష్యం చెప్పమని అడగడానికి పాస్టరు గారే మొహమాటపడ్డారు. అత్త తనంతట తానే లేచింది. “దేవుడు ఇంకా ఏం చేయలే. డాక్టర్ మాట రాదన్నడు. అయినా నేను ప్రభువును ఇడువ. ముందుగాల స్తోత్రం చెప్తున్న,” అంది. ఇంకా ఏదో అంటుండగా మీద విమానం వచ్చింది. అందరం తలలు వంచుకుని దాని చప్పుడు పోయేదాకా ఆగాం. అది పోయాక లోపలి గదిలోంచి టంగు టంగుమని ఒకటే మోత. పరుగెత్తి చూస్తే మామయ్య ఇటు తిరిగి, బాగున్న ఎడమచేత్తో స్టీలు గ్లాసు పట్టుకుని మంచం పట్టె మీద కొడుతున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“ఆమెన్ అంటుండు,” అంది అత్త.

నాకు ఇక కోపం ఆగలేదు. “ఆమెన్ గాదు, నిన్ను తిడుతుండు!”

“తిట్టనీ బిడ్డా. నిన్నటి దాక తిట్టెతందుకు గూడ ఓపిక లేకుండె. తిడుతుండంటే మనతోనే ఉన్నడు.”

అదే గ్లాసులో గంజి పోసి నోటికి అందించింది. ఆమెను కొరకొరా చూస్తూనే తాగాడు. మాట మాత్రం మళ్లీ రాలేదు. ఆ తర్వాత బతికిన నాలుగేళ్లూ ఆయన పిలుపు ఆ గ్లాసు మోతే. మరి దేవుడు చేసిందేమిటని అత్తను ఎన్నిసార్లు నిలదీశానో. ఆమె గ్లాసు తోముకుంటూ ఉండేది. ఆ తోమడం చూస్తే నాకు ఇంకా మండేది.

ఈ పొద్దున కూడా ఫోన్‌లోనే అరిచాను. “రిపోర్టు రానియ్యవా అత్తా? ఖరాబుగ వస్తే ఏం జేస్తవ్? వచ్చినోళ్లను మళ్ల పిలిచి తిన్నది కక్కమంటవా?”

అవతల అత్త నవ్వింది. “గట్ల తిట్టు బిడ్డా. దవాఖానకు పోయొచ్చినకాంచి ఊఁ, ఆఁ తప్ప ఒక్క మాట లేకపాయె నీ నోట్ల. ఇగ నాకు భయం లేదు,” అని పెట్టేసింది.

నిజమే, నేనూ గోడవైపు తిరిగే ఉన్నాను. కోపం తగ్గలేదు, భయమూ పోలేదు. అయినా ఆదివారానికి కుర్చీలు కావాలని టెంట్ హౌస్‌కు ఫోన్ చేశాను. ఇన్ని రోజులూ మంగళవారం ఎప్పుడొస్తుందా అనే చూస్తున్నాను, దానికంటే ముందు ఆదివారం ఒకటి ఉందని లెక్కల టీచర్నై ఉండీ లెక్క వేసుకోలేదు.