ఆంజనప్ప తాగుడు మానేశాక

సౌభాగ్యకు ఎడమ చెవి వినపడదు. పెళ్లయిన కొత్తల్లో మొగుడు ఆంజనప్ప తాగొచ్చి కొట్టిన దెబ్బకు పోయింది. కోలారు బంగారు గనుల కూలీలకు వరసగా కట్టిన కోరమండల్ లైను ఇళ్లలో గోడకూ గోడకూ మధ్య దాపరికం ఉండదు. ఆ సంగతి ఇరుగుపొరుగుకు తెలుసు, చుట్టాలకూ తెలుసు. తెలియనిది ఆంజనప్ప ఒక్కడికే.

అతడు ఆటో నడిపేవాడు. తాగుడు ముదిరాక ఆటో వాకిట్లోనే తుప్పు పట్టింది. సౌభాగ్య రోజూ రైలెక్కి బెంగుళూరులో బట్టల ఫ్యాక్టరీకి పోయి ఇల్లు నెట్టుకొచ్చేది. ఒక సాయంత్రం వచ్చేసరికి మొగుడు గుమ్మంలో పడి, నోట నురగతో కొట్టుకుంటున్నాడు.

"వాని రాత అంతేమ్మా, వదిలేయ్" అన్నాడు బావ ముత్యాలప్ప.

ఆమె వదల్లేదు. కోలారు ఆస్పత్రిలో చేర్చింది. తాగుడు ఆగేసరికి ఆంజనప్పకు పరుపు నిండా లేని ఎలుకలు కనిపించాయి. కేకలు పెడుతుంటే చేతులు మంచానికి కట్టారు. నీళ్లు తాగించబోతే ఆమె మణికట్టు కొరికాడు. నాగాలు ఎక్కువై ఆమె పని పోయింది. ఇంటికొచ్చాక మాత్ర మింగించి, నోరు తెరిపించి చూసేది. ఆటో బాగు చేయించి, తనూ వెనక సీట్లో ఒక మూల కూర్చునేది. బార్ ముందు ఆటో నెమ్మదిస్తే, "పోనీ, నిలపొద్దు" అనేది. ఎక్కినవాళ్లు నవ్వుకునేవారు.

అట్లా మనిషి తేరుకున్నాడు. కళ్లలో పసుపు పోయింది. వేడి సంగటి కడుపునిండా తిన్న రోజున, ఆమె పొయ్యి దగ్గరే కూర్చుని ఏడ్చింది.

ముత్యాలప్ప సుగటూరులో కొత్తిల్లు కట్టి అందరినీ పిలిచాడు. భోజనాల దగ్గర ఆంజనప్పను మెచ్చుకోనివాళ్లు లేరు.

"ఇడిసేయాలనుకున్నా, ఇడిసేసినా. మనసు గట్టిగుంటే చాలప్పా" అన్నాడు ఆంజనప్ప.

"మా తమ్ముని గుండె అట్లాంటిది" అన్నాడు ముత్యాలప్ప.

సౌభాగ్య అదే వరసలో వడ్డిస్తోంది. ఆంజనప్ప ఆమెకు ఎడమ పక్క నుంచి నీళ్లడిగాడు. ఆమె పలకలేదు.

"ఏమే, చెవుడా నీకు? యాడుండాది ద్యాస?"

ముత్యాలప్ప విస్తరిలోకి చూశాడు.

"చెవుడే. నువ్వు కొట్టిన్నాటి నుంచి ఆ చెవి పోయింది" అందామె. సాంబారు బకెట్ కింద పెట్టి బయటికి నడిచింది.

ఇంటికొచ్చాక ఆంజనప్ప ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "నాకు గుర్తే లేదు సౌభాగ్యా. తాగినప్పుడు జరిగింది, అది నేను కాదు గదా."

"నువ్వు కాకుంటే ఇంగెవురు? నేను పోయి ఎవుర్ని అడగాల?"

ఆ తర్వాత కూడా అతడు తాగలేదు. రోజులో పదిసార్లు ఏదో ఒకటి అడిగి, ఆమె ముఖం చూస్తాడు. ఆమె అన్నం పెడుతుంది, అడిగిన మాటకు బదులిస్తుంది. అంతకుమించి ఆమెలో ఏమీ కదలదు. ఇంకో ఫ్యాక్టరీలో పని చూసుకుని, మళ్లీ రైలెక్కి పోతోంది.

మొన్న ఆదివారం పక్క లైను జాయ్స్ వచ్చింది. ఆమె మొగుడు గాడ్విన్ కూడా తాగుడులో మునిగినవాడే.

"ఎట్ల మాన్పించినావక్కా? నాకూ చెప్పు."

సౌభాగ్య అంతా చెప్పింది, వార్డు, మాత్రలు, కట్టేసిన చేతులు. చివరికి, "ఆయన బాగయితే నువ్వూ బాగుంటావని మాత్రం అనుకోవద్దమ్మా" అంది.

ఆ మాట జాయ్స్‌కు ఎక్కలేదు. ఆస్పత్రికి ఏ బస్సు ఎక్కాలో మళ్లీ అడిగింది. మరునాడు సౌభాగ్య పనికి పోకుండా, వాళ్లిద్దరికీ తోడుగా కోలారు బస్సెక్కింది.