వదులుగా కట్టిన వల

నరసాపురం రైల్లో నా ఎదుట కూర్చున్న కుర్రాడు సిపాయి. సెలవు అయిపోయి సరిహద్దుకి తిరిగి వెళుతున్నాడు. కొత్తగా కొన్న నైలాన్ వలని కిటికీ ఊచలకీ, పై బెర్తు గొలుసుకీ బిగించి కట్టి చూస్తున్నాడు.

"ఏంటి బాబూ, రైల్లో చేపలు పడతావా?" అన్నాను.

"చేపలకి కాదు మామ్మగారూ, డ్రోన్లకండి. బాంబులు మోసుకుని మా పోస్టు మీదకి వస్తున్నాయి. వాటి సిగ్నల్ తెంపే తుపాకీ ఉంది గానీ, ఒక్కోసారి పనిచేయదండి. అప్పుడిక పైన వలే దిక్కు."

నేను పుట్టిందీ పెరిగిందీ వలల మధ్యే. ఊరుకోలేకపోయాను.

"నులకమంచంలా ఇంత బిగిస్తే డ్రోన్ చింపుకుని నీ నెత్తిన పడుద్ది. వదులుగా ఉంటే వల దానంతటదే చుట్టుకుంటుంది."

ముళ్ళు విప్పి మళ్ళీ కట్టాను. అతను జామకాయ విసిరాడు. వల దాన్ని ఒడిసిపట్టింది. ఇద్దరం నవ్వాం.

"అది వలలోనే పేలితేనో? తలకి ఎంత ఎత్తున కట్టాలండీ?" అన్నాడు, నవ్వు ఆపి.

"అది నాకు తెలీదు బాబూ. ఎంత ఎత్తయితే అంత మంచిది."

తల ఊపి, వల మడిచి, నిడదవోలులో దిగిపోయాడు. పేరు అడగలేదు.

ఇప్పుడు మా చేల మీద మందు కొట్టే డ్రోన్ వస్తే పిల్లలు కేకలేస్తూ దాని వెంట పరిగెడతారు. నేను మాత్రం అది వెళ్ళిపోయేదాకా అరుగు దిగను. ఎత్తుగానే కట్టి ఉంటాడులే అనుకుంటాను.