గంతల గుర్రం

నాకు గుర్రం రాదు. మనుషులు వచ్చు, ఖిలా వరంగల్ రాతి తోరణాలైతే కళ్లు మూసుకుని గీస్తాను. కాని రాజు గుర్రమెక్కకపోతే బొమ్మల కథేం నడుస్తుంది? ఎనభైల మొదట్లో ఒక పిల్లల పత్రిక నాకు తొలిసారి ఆరు పేజీల కథ ఇచ్చింది. పెన్సిలు బొమ్మలు పంపాను. ఎడిటరు గారు తిరుగు టపాలో రాశారు: "రాజు బాగున్నాడు. మేకనెందుకు ఎక్కాడు? పదిహేను రోజుల్లో గుర్రాన్ని పంపండి. లేదంటే కథ ఇంకొకరికి ఇస్తాం."

నాకు ఊహ తక్కువ, చూపు ఎక్కువ. చూసినదే గీయగలను. రాజు మీసాలు మా పెదనాన్నవి. సేనాపతి మా చర్చి పెద్ద. ప్రార్థనలో గుసగుసలాడే వాళ్లను ఆయన చూసే చూపు యుద్ధానికి సరిగ్గా సరిపోయింది. రాణి నడుం మీద చేయి పెట్టుకుని నిలబడే తీరు మా ఆవిడది. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు, ఎవరి ప్రాణం వాళ్లకు తీపి. ఇక గుర్రం కోసం స్టేషన్ ముందున్న టాంగా అడ్డాకు పోయాను.

ఆటోలు వచ్చాక అక్కడ టాంగాలు నాలుగే మిగిలాయి. ఒక ముసలి టాంగా ఆయన ఒప్పుకున్నాడు కాని, షరతు పెట్టాడు.

"గీస్తె గీయి గని బిడ్డా, పక్కబొక్కలు గీయకు. దాని కడుపు మాడ్సుతాన్న అనుకుంటరు."

నిజానికి ఆ ఆడగుర్రం పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టొచ్చు. నేను ఒళ్లు నింపి గీస్తుంటే ఆయన నా భుజం మీదుగా తొంగిచూసి "ఇంక జర, ఇంక జర" అనేవాడు. నాలుగో రోజుకి అది నిండు చూలాలిలా తయారైంది.

"కాకా, గంతలు జర తీస్తవా? కండ్లు చూస్త."

"అమ్మో! ఆటోలను చూస్తె బెదురుతది. టాంగా బోర్ల పడ్తది."

గడువు దగ్గర పడింది. చూసింది చూసినట్టు ఇంకు దిద్ది పంపేశాను. అచ్చయింది కూడా. రాజు గారి గుర్రం టాంగా గంతలతో యుద్ధానికి పోతోందని నాకూ తట్టలేదు, ఎడిటరు గారికీ తట్టలేదు. పిల్లలకు తట్టింది. "శత్రువులు కనపడకుండా కట్టారా?" అని ఒకడు ఉత్తరం రాశాడు. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా ఇంకో కథ ఇచ్చారు, ఈసారి గుర్రానికి కళ్లుండాలి అన్న షరతు మీద.

పత్రిక పట్టుకుని హుషారుగా అడ్డాకు పోయాను. టాంగా లేదు, గుర్రం లేదు. కాక ఒక్కడే చాయ్ డబ్బా దగ్గర కూర్చున్నాడు.

"అమ్మిన బిడ్డా. టాంగ ఎవరెక్కుతాండ్రు ఇప్పుడు?"

పత్రిక చేతికిచ్చాను. బొమ్మలో గుర్రం చీలిన ఎడమ చెవి మీద వేలు పెట్టి "గిదే! మంచిగ బలిసింది" అని నవ్వాడు. వేలు గంతల మీదికి జరిపాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"గంతలు తీసెయ్యి బిడ్డా. కాయితం మీద ఆటోలు రావు గద."

జేబులోంచి పెన్సిలు తీసి, పేజీ అంచున మళ్లీ మొదలుపెట్టాను. "కండ్లు ఎట్లుంటయి కాకా?"

"పెద్దయి. దాణా సంచి ఇప్పితె ముందుగాల నన్ను చూసేది, ఎనక దాణాను."

ఆ చూపు గీయడానికి నాకు మూడుసార్లు పట్టింది. గీసి మళ్లీ ఆయన చేతికిచ్చాను. బాగుందని తలూపాడు గాని పత్రిక తిరిగి ఇవ్వలేదు, ఇంకా ఏదో తక్కువైనట్టు చూస్తున్నాడు.

"పొట్ట పెంచాల్నా కాకా?"

"వద్దు. పక్కబొక్కలు గీయి" అన్నాడు. "అవి లేకుంటె నాదనిపిస్తలేదు."

గీశాను. ఎన్ని కనపడేవో ఆయనే చెప్పాడు.