వంద బారల గొట్టంలో నీటి దెబ్బ

పోయిన వేసవిలో నేను కొత్తపేట అవతలి లంకకు వెళ్ళడానికి కారణం ఒక రబ్బరు గొట్టం. అక్కడి కూలీల సంఘం గోదావరి పాయ ఒడ్డున ఆయిలింజను పెట్టి, వంద బారల, అంటే దాదాపు ఆరువందల అడుగుల గొట్టంతో ఇసుకనేల మీది అరటితోటకు నీళ్ళు తోడుతోంది. ఆ గొట్టం అప్పటికే రెండుసార్లు పగిలింది. పగిలినచోట కోసి, ఇనప ముక్క పెట్టి అతికిన ప్రతిసారీ అది కురచవుతుంది. ఇంకోసారి పగిలితే చివరి వరసకు అందదని ఇంజను నడిపే సత్తిరాజు గారు అమలాపురంలో మా పఠనమందిరానికి కబురు పంపారు. గొట్టాల్లో నీటి దెబ్బ గురించి చిన్న చిన్న పుస్తకాలు చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. డిగ్రీ లేనివాడికి లెక్క రాదనేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. నోటుపుస్తకంలో లెక్క వేసుకుని బయల్దేరాను.

అమలాపురంలో పొద్దున్న ఆరున్నర బస్సెక్కితే గంటలో కొత్తపేట, టికెట్టు రెండు రూపాయలు. అక్కణ్ణుంచి రేవుకు ఏటిగట్టు మీద ముప్పావుగంట నడక, పడవకు పావలా. "ఒక్కరి కోసం తియ్యనండి, ఇంకో నలుగురు రావాలి" అన్నాడు పడవతను. "అక్కడ మొక్కలు మాడిపోతుంటే నలుగురి కోసం కూర్చోవాలా?" అని అరిచాను. "అరిస్తే పడవ కదలదు కదండీ. ఆ నలుగురికి బదులు మీరే గెడ పట్టి తొయ్యండి మరి" అన్నాడు. పట్టాను.

తొమ్మిదింటికి తోటలో ఉన్నాను. ఒక వరస తడిశాక కూలీలు ఇంజను ఆపకుండానే గొట్టం కొసను గభాల్న మడిచి, మోకాలితో తొక్కిపట్టి, పక్క వరసకు ఈడుస్తున్నారు. ఇంజను ఆపితే పంపులో మళ్ళీ నీళ్ళు నింపుకోవాలి, అందుకని. "మీ మోకాళ్ళే పగలగొడుతున్నాయండీ గొట్టాన్ని!" అని ఎగిరాను. "పరిగెత్తే నీళ్ళని ఒక్కసారి ఆపితే ఆ దెబ్బ ఇంజను దాకా పోయి తిరిగొస్తుంది. అది తిరిగొచ్చేలోపే మూసేస్తే మొత్తం గొట్టమే మొయ్యాలి." గొట్టాన్ని పది ముక్కలుగా గీసి, క్షణక్షణానికీ ఏ ముక్కలో ఒత్తిడి ఎంతో గళ్ళలో వేసిన లెక్క చూపించాను. దెబ్బ పోయి రావడానికి సెకనులో మూడోవంతు. "ఒక సెకను తీసుకుని మడవండి, చాలు."

"ఆయ్" అని సత్తిరాజు గారు అలాగే మడిచారు. గొట్టం నడిమధ్యన టప్పున చీలింది.

చివరి వరస సువార్తమ్మ గారిది. సంఘంలో పెద్దావిడ. కోసి అతికాక గొట్టం ఆవిడ వరసకు రెండు బారలు తక్కువైంది. రబ్బరు నాసిరకమని, అమ్మినవాడు దొంగని నేను గంతులేస్తుంటే ఆవిడ గంజి లోటా నా చేతికిచ్చారు.

"కోపం తరవాత పడుదురు గాని, తాగండి బాబూ. ఆ పుస్తకంలో గొట్టం రబ్బరుదేనాండీ? మడిస్తే ఇది నా చేతికింద పొంగి, కాసేపటికి గానీ దిగదు. మూడోవంతేంటండీ, ఈలోపు నేను ఓ కునుకు తీసి లేస్తాను!"

సత్తిరాజు గారు తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వేశారు. పుస్తకం తిరగేశాను. అది ఇనప గొట్టం లెక్క! ఇనుము సాగదు కనుక దెబ్బ దూసుకుపోతుంది. రబ్బరు ఉబ్బుతూ మోస్తుంది కనుక దెబ్బ మెల్లగా నడుస్తుంది, నేను చెప్పిన ఒక్క సెకనులో తిరిగిరాదు. తప్పు నాదేనని అందరి ముందూ చెప్పాను.

ఇంజను బాగా తగ్గించి సత్తిరాజు గారు కొస మడిచారు. సువార్తమ్మ గారు గొట్టం మీద అరచెయ్యి పెట్టి "పొంగిందండి... దిగింది... మళ్ళీ పొంగింది" అంటుంటే నేను వాచీ చూశాను. పొంగుకూ పొంగుకూ మధ్య దాదాపు ఐదు సెకన్లు. పొంగు మళ్ళీ రావాలంటే దెబ్బ రెండుసార్లు పోయి రావాలి కనుక అందులో సగం, అంటే రెండున్నర, ఒక్కసారి పోయి రావడానికి పట్టేది. ఇసుక కాలుతున్నా అక్కడే కూర్చుని గళ్ళన్నీ మళ్ళీ నింపాను. ముప్పై లెక్కపెట్టేంతసేపు తీసుకుని మూస్తే ఒత్తిడి కాస్తే పెరుగుతుందని తేలింది. మోకాలితో అంత నెమ్మది కుదరదు. సత్తిరాజు గారు రెండు వెదురుబద్దల మధ్య గొట్టం పెట్టి, తాడు మెలిపెడుతూ బిగించారు. సువార్తమ్మ గారు అంకెలు చెప్పారు. ఇరవై దగ్గర నేను కళ్ళు మూసుకున్నాను.

"తెరవండి బాబూ, పగల్లేదు" అన్నారు ఆవిడ.

సాయంత్రానికి పదకొండు వరసలు తడిశాయి. చివరిదైన పన్నెండోదానికి గొట్టం అందకపోవడం నా పుణ్యమే కనుక, కొస దగ్గర బిందె నింపి ఆ వరసలో మొక్క మొక్కకూ నేనే పోశాను. "చాల్లెండి, పడవెళ్ళిపోద్ది" అన్నారు సువార్తమ్మ గారు. వెళ్ళిపోనివ్వమన్నాను.

ఆ వేసవంతా గొట్టం మళ్ళీ పగల్లేదు. గర్వంగా ఉంది, దాచుకోను. నీళ్ళు కంటికి కనపడకుండా గొట్టంలో చేసే పనిని పది గళ్ళలో పట్టుకున్నాం. ఆ లెక్కను సరిచేసింది మాత్రం ఏ పెద్ద పుస్తకమూ కాదు, కూలి చేసి కాయలు కాసిన ఒక అరచెయ్యి. నోటుపుస్తకంలో ఆ పేజీ పైన నా పేరు పక్కన ఆవిడ పేరు కూడా రాశాను. మీరూ ఇలాంటి పని మీద ఏ లంకకైనా వెళ్తే ఒక్క మాట: ఆ గొట్టం పొంగులు అక్కడే వాచీ పెట్టి కొలుచుకోండి, ఆ తరవాతే పెన్సిలు తియ్యండి.