బొట్టు పెట్టి ఓటుకు పిలిచిన ఏడాది

నార్త్ కరోలినాలో, రీసెర్చ్ పార్కు పక్కనున్న మా ఊళ్ళో కౌన్సిల్ ఎన్నికలు నవంబరులో వస్తాయి. వచ్చి వెళ్ళిన సంగతి కూడా చాలామందికి తెలియదు. నేను రోడ్ల శాఖలో పనిచేసి రిటైరై, ప్రతిదీ డైరీలో రాసుకునేవాణ్ణి కాబట్టి నాకు తెలిసేది. రెండు వేల పదమూడులో మాత్రం తెలుగువాళ్ళందరికీ తెలిసింది. మా వీధిలో ఉండే తెలుగమ్మాయి పోటీకి దిగింది.

ఆమెది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రాజకీయాల మీద మోజేమీ లేదు. మా ఇళ్ళకీ బడికీ మధ్య పెద్ద రోడ్డుంది. పిల్లలు దాటడానికి అక్కడ సిగ్నల్ పెట్టమని కౌన్సిల్‌ని అడిగింది. చూస్తామన్నారు. మళ్ళీ అడిగితే మళ్ళీ చూస్తామన్నారు. ఇంతలో ఆ రోడ్డును ఇంకా వెడల్పు చేసే ప్లాను బయటికొచ్చింది. అది కౌన్సిల్లో ఓటుకి వచ్చే రోజున తను లోపల కూర్చుని ఉంటే సిగ్నల్ వస్తుంది, లేకపోతే రాదని తేల్చుకుంది.

ఆమెకి సలహాలివ్వడానికి ఒక అమెరికన్ కన్సల్టెంటు వచ్చాడు. మంచి మనిషి, కాఫీ మీదే బతికేవాడు. ఏ గుమ్మం దగ్గరా రెండు నిమిషాలకి మించి నిలబడొద్దని అతని నియమం. నేను అతని వెంట తెలుగు ఇళ్ళకి వెళ్ళాను. నియమం మొదటి ఇంట్లోనే పోయింది. చెప్పులు విప్పించి, కూర్చోబెట్టి, టీ ఇచ్చి, మాది ఏ జిల్లానో కనుక్కుని, తప్పకుండా ఓటేస్తామని పంపించేవారు. అతను పొంగిపోయి ప్రతి ఇంటినీ ఖాయం కింద వేసుకున్నాడు.

మా ఆవిడ ఆ సంబరమంతా విని పెదవి విరిచింది.

"తప్పకుండా అన్నారా? అయితే రారు. చేతిలో కాగితం పెట్టి రమ్మంటే ఎవరొస్తారండీ? బొట్టు పెట్టి పిలవాలి."

మర్నాటి నుంచే కుంకుమ భరిణ పట్టుకుని బయల్దేరింది. కన్సల్టెంటుకి భయం పట్టుకుంది. ఓటర్లకి కానుకలివ్వడం నేరం కదా, కుంకుమ కానుక కిందికి వస్తుందా అని నన్నడిగాడు. నుదుటి మీద పెట్టేదాన్ని తిరిగి అమ్ముకోలేరు కాబట్టి రాదనుకుంటానన్నాను. అతనికి తృప్తి కలగలేదు. ఎవరో లాయరుకి ఫోన్ చేసి అడిగాడు. లాయరు కుంకుమ స్పెల్లింగు రెండుసార్లు చెప్పించుకున్నాడట.

ఎన్నికల రోజు సాయంత్రం దాకా పోలింగు కేంద్రం దగ్గర మావాళ్ళెవరూ కనిపించలేదు. పేరంటానికి ఎవరైనా పొద్దున్నే వస్తారా అంది మా ఆవిడ. ఆరు దాటాక ఒక్కసారిగా కార్లు వచ్చాయి. పట్టుచీరల మీద చలికోట్లు వేసుకుని ఆడవాళ్ళు దిగారు. పార్కింగు నిండిపోయింది. కన్సల్టెంటు మా అమ్మాయి చెయ్యి పట్టుకుని ఊపేశాడు. ఆమె మాత్రం వచ్చినవాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే చూస్తూ నెమ్మదిగా డీలా పడింది.

"ఆంటీ, వీళ్ళలో చాలామందికి ఇంకా గ్రీన్ కార్డే. ఓటు లేదు."

"నాకు తెలుసమ్మా."

"మరి ఎందుకొచ్చారు?"

"పిలిచాను కదా," అంది మా ఆవిడ.

ఓటున్న కొద్దిమందీ లోపలికి వెళ్ళి వేసి వచ్చారు. మిగతావాళ్ళు బయట నిలబడి చీరల గురించి మాట్లాడుకున్నారు. ఏడున్నరకి తలుపులు మూసేస్తారు. కన్సల్టెంటు గడియారం చూసుకుంటూ, మరి వీళ్ళ భర్తల సంగతేమిటని అడిగాడు. అప్పుడు చూశాం. ముందుగా ఈ దేశం వచ్చి ముందుగా పౌరులైన ఆ మహానుభావులంతా హీటర్ వేసుకుని, ఫోన్లు చూసుకుంటూ కార్లలోనే ఉన్నారు. పేరంటమంటే ఆడవాళ్ళదే కదా, మనకెందుకని దిగలేదు.

నేనూ ఆ అమ్మాయీ చెరో వరసా పట్టుకుని కార్ల అద్దాలు కొట్టుకుంటూ వెళ్ళాం. ఒకాయన అద్దం కొంచెమే దించి, "మమ్మల్ని పిలవలేదు కదా అంకుల్," అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అన్నాడు.

"ఇప్పుడు పిలుస్తున్నాను. దిగు నాయనా."

ఇంకొకాయన క్రికెట్ ఓవరు అయిపోనివ్వమన్నాడు. ఆయన భార్య వచ్చి కారు తాళం తీసేసుకుంది. అందరూ చేతులు జేబుల్లో పెట్టుకుని వరసలో నిలబడేసరికి తలుపులు మూసే వేళయింది. మూసే లోపు వరసలో ఉన్నవాళ్ళందరికీ ఓటు ఉంటుందని లోపలి ఎన్నికల ఉద్యోగిని చెప్పాకగానీ అమ్మాయి ఊపిరి తీసుకోలేదు.

గెలిచింది. ఎంత తక్కువ ఓట్లతోనంటే, కన్సల్టెంటు ఆ రాత్రి మా ఆవిడకి రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టాడు.

రోడ్డు వెడల్పయింది, సిగ్నల్ కూడా వచ్చింది. సాయంత్రం నడకకి వెళ్తే అక్కడ ఎవరో ఒక భర్త కలుస్తాడు. బటన్ నొక్కి, "దీన్ని మేమే తెప్పించాం అంకుల్," అంటాడు. పక్కనున్న భార్య దీపం పడగానే పిల్లల చెయ్యి పట్టుకుని దాటేస్తుంది.