పీకేసిన నాలుగో వైరు

నన్ను బడికి పంపలేదు. తెలుగు, ఉర్దూ రెండూ మా అబ్బ ఇంట్లనే నేర్పిండు. టీవీల సంగతి పెండ్లయినంక, మరిపెడల మా ఆయన రిపేరు చేస్తుంటె పక్కన కూసొని నేర్చుకున్న. ఇంత నేర్చుకోనిచ్చినందుకు ప్రతి నమాజుల అల్లాకు షుక్రియా చెప్పుకుంట.

పోయినేడు మా పెద్దోడు ఖురాను మొత్తం కంఠస్థం చేసిండు. అట్లాంటి పిల్లలకు జల్సా అని మతసభ పెట్టి, పెద్దల చేతులతోని తలపాగా చుట్టిస్తరు. దస్తార్‌బందీ అంటరు దాన్ని. ఫంక్షన్ హాల్ల కింద మగవాళ్లు, పైన ఆడవాళ్లు. వేదిక కిందనే. కొడుకు తలకు పాగా చుడుతుంటె కన్నతల్లి చూడాలన్నా టీవీలనే చూడాలె.

పెద్ద తెర కిరాయి జల్సా కమిటీకి అందేటట్టు లేదు. మా ఆయన పరేషాన్ అయ్యి ఇంటికొచ్చిండు. ఉపాయం నేనే చెప్పిన. "కెమెరా ఒక్కటే చాలు. దాని వైరును స్ప్లిటర్ డబ్బాకు పెడితే ఒక్క బొమ్మే నాలుగు టీవీలకు పోతది. టీవీలు ఇండ్లల్లకెళ్లి తెద్దాం. పై అంతస్తు దూరం గాబట్టి ఇంటర్నెట్ వైరు గుంజి, రెండు కొసలకు చిన్న డబ్బాలు పెడదాం." ఆయన వరంగల్ పోయి అన్నీ అగ్గువల తెచ్చిండు.

ముందురోజు మూడు మంచి టీవీలు కిందికి పోయినయి. పైకి ఒక పాతది, చిన్నది ఎక్కించిండ్రు. నేను ఊకోలేదు. కమిటీ పెద్దమనిషికి మా ఆయనతోని చెప్పి పంపిన. "గీ అగ్గువ స్ప్లిటర్ నాలుగు టీవీలల్ల ఏది తక్కువదో దాని లెక్కనే అన్నిటికీ బొమ్మ పంపుతది. పైన పాతది పెడితే కింద గూడ మసకొస్తది. మాకు గూడ ఓ మంచిది ఇయ్యుండ్రి." ఆయన శ్రద్ధగ విన్నడట. "మాషాల్లా, మీ ఇంట్లామెకు ఇంత తెలుసా!" అన్నడట. మురిసిపోయిన. టీవీ మాత్రం మారలే.

జల్సానాడు కొడకండ్ల నుంచి మా అమ్మ వచ్చింది. ఆమెను టీవీకి దగ్గర్ల కూసోపెట్టిన. మా ఆడబిడ్డ తొంగి చూసి, "భాభీ, గిది టీవీయా, అద్దమా? అందరికంటె నా మొఖమే ఎక్కువ కనబడుతున్నది" అన్నది. అందరం నవ్వినం. మసకగున్నా మనుషులు తెలుస్తున్నరు, గది చాలనుకున్న.

ఇద్దరు పిల్లలకు చుట్టుడు అయింది. మైకుల మా వాడి పేరు పిలిచిండ్రు. వాడు లేచిండు. రెండడుగులు వేసిండో లేదో, తెరంత నీలంగ మారింది. సిగ్నల్ లేదని చూపిస్తున్నది.

"ఏమైంది బిడ్డా? చుట్టిండ్రా?" అని మా అమ్మ నా కొంగు గుంజుతున్నది. చిన్న డబ్బా చూసిన, వైరు ఊడదీసి మళ్ల పెట్టిన. మా దిక్కు తప్పేం లేదు. మా ఆయనకు ఫోన్ చేసిన.

"పరేషాన్ గాకు" అన్నడు. "పాగా చుట్టేటప్పుడు మొఖాలు మసకొస్తున్నయని పెద్దాయన మీ వైరు పీకించిండు. నువ్వు చెప్పిందే నిజం! పీకంగనే ఎంత సాఫ్ వచ్చిందో!"

"మళ్ల పెట్టుండ్రి. మన పిలగాడు నిలబడ్డడు."

"ఇప్పుడెట్ల పెడ్తరు, అందరు చూస్తుంటే? రికార్డు అయితున్నది తీ, ఇంటికి పోయినంక చూద్దువు."

అప్పుడే కింద "అల్లాహు అక్బర్" అని తక్బీర్ చెప్పిండ్రు. అంటే మా వాడికి చుట్టుడు అయిపోయింది. మా అమ్మ రెండు చేతులు మొఖానికి రుద్దుకొని "ఆమీన్" అన్నది, ఆ నీలం తెరనే చూసుకుంట.

నేను మంచి టీవీ ఇయ్యమని అడిగిన. ఆ పెద్దమనిషికి మాత్రం ఏ వైరు పీకితే సరిపోతదో తెలిసింది. చెప్పింది నేనే.

మేం పోయేటప్పుడు పెద్దమనిషి మెట్ల కింద నిలబడి, మా ఆయనతోని "మీ ఇంట్లామె ఉపాయం మస్తు పనిచేసిందయ్యా" అన్నడు. మా ఆయన నాదిక్కు చూసి నవ్విండు. షుక్రియా అనాలె. అమ్మ చెయ్యి పట్టుకొని మెట్లు చూసుకుంట దిగుతున్న.

మా వాడు పాగాతోనే మెట్లెక్కి ఉరికొచ్చిండు. "అమ్మీ, మంచిగ కనబడ్డనా?"

"అల్హమ్దులిల్లా, మంచిగ కనబడ్డవు బేటా" అన్న.

అబద్ధంల అల్లా పేరు కలిపిన. దానికి రోజూ మాఫీ అడుగుతున్న. ఆ పెద్దమనిషిని గూడ మాఫ్ చేయాలని చేతులెత్తుత గని, ఆయన పేరు దగ్గరికి రాంగనే దువా ఆగిపోతది. ఆ రికార్డు ఇప్పటికీ చూడలేదు.